లేచే బల్ల, తడిగుడ్డ



మన ఇళ్ళల్లో పీటయినా, మంచమయినా, బల్లయినా ఎక్కడ వేస్తే అక్కడ పడివుంటాయి. అదే వాటి ధర్మం. మా ఇంట్లో మాత్రం ఓ బల్ల ఉందండీ, ముందంచు మీద ఒకచోట వేలు పెడితే లేస్తుంది, ఆ పక్కన పెడితే దిగుతుంది. గొప్ప చెప్పుకోవటానికి కాదు గానీ, ఆ బల్ల ఓ రోజు నా గుండె గుభేలుమనిపించింది. ఇలాంటివి తయారు చేసే పిల్లలు ఈ రోజుల్లో వీధికొకరున్నారు. మీ ఇంట్లోనూ ఉండవచ్చు. అందుకని చెబుతున్నాను.

మా ఆడపడుచు ఇంట్లోనే కూచుని రెండు మూడు దుకాణాల లెక్కలు కంప్యూటరులో ఎక్కిస్తుంది. ఆమెకు అదే జీవనాధారం. కిందటేడు నడుం పట్టేసి పదిహేను రోజులు మంచం దిగలేదు. డాక్టరుగారు ఎక్కువసేపు ఒకే తీరున కూచోవద్దు, అరగంటకోసారి లేచి నిలబడమన్నారు. నిలబడటం సరే, నిలబడి లెక్కలు రాయటం ఎలా? లెక్కలు ఆగితే డబ్బులూ ఆగుతాయి. బల్ల మీద స్టూలు, స్టూలు మీద కంప్యూటరు పెట్టుకుని కొన్నాళ్ళు నెట్టుకొచ్చింది. ఓ పూట స్టూలు కాస్తా జారింది. కంప్యూటరు ఒళ్ళో పడింది కనుక బతికిపోయింది.

మోటారుతో లేచే బల్లలు బజారులో దొరుకుతాయట. ధర విన్నాక మావారు ఆ మాట మళ్ళీ ఎత్తలేదు. మా చిన్నవాడు ఎలక్ట్రానిక్స్‌లో డిప్లొమా చదువుతున్నాడు. "అత్తయ్యా, నేను చేసిపెడతాను, సగం ఖర్చుతో" అన్నాడు. ఆ సగం ఎంతయిందో తరువాత చెబుతాను.

ముందుగా టేపు పెట్టి ఆమెను కొలిచాడు. ఇది మాత్రం వాడు చేసిన తెలివైన పని. ఆమెది అయిదడుగుల ఒక అంగుళం. కూచున్నప్పుడు మోచెయ్యి నేలనుంచి ఇరవైనాలుగున్నర అంగుళాల ఎత్తున, నిలబడినప్పుడు ముప్ఫయెనిమిది అంగుళాల ఎత్తున ఉంది. బజారులో దొరికే మామూలు రాత బల్ల ఇరవైతొమ్మిది, ముప్ఫయి అంగుళాలుంటుంది. అంటే కూచుంటే భుజాలెత్తి రాయాలి, నిలబడితే నడుం వంచి రాయాలి. ఇన్నేళ్ళూ ఆ బల్ల మనకి సరిపోవటం లేదని మనకే తెలీదు చూడండి.

ఇక పైకెత్తే సాధనం. దాన్ని లీనియర్ యాక్చుయేటరు అంటారు. పేరు చూసి భయపడకండి. కారు కింద పెట్టే మరజాకీ లాంటిదే. గొట్టంలో మర ఉంటుంది, చిన్న మోటారు దాన్ని తిప్పుతుంది, మర మీది నట్టు పైకి పాకుతూ లోపలి కడ్డీని తోస్తుంది. మోటారుకి కరెంటు తీగలు అటుదిటు మారిస్తే కడ్డీ దిగుతుంది. కరెంటు పోయినా బల్ల కూలబడదు. మర దానంతటది వెనక్కి తిరగదు కదా. పన్నెండు వోల్టులవి రెండు తెచ్చాడు. ఒక్కోటి వంద కిలోలు మోస్తుందట. బల్ల పలక ఎనిమిది కిలోలయినా లేదు.

బిగించి నడిపితే బల్ల లేచింది, కానీ ఎడమవైపు ముందు, కుడివైపు వెనక. దానిమీది కాఫీ గ్లాసు మెల్లిగా జారి నా చీరమీదికొచ్చింది. ఒకే రకం మోటార్లయినా ఒకే వేగంతో నడవవట. బీరువా మోసే ఇద్దరిలో ఒకడు తొందరపడితే ఏమవుతుందో అదే అయింది. కోఠీ గుజరాతీ గల్లీకి మళ్ళీ పరుగెత్తి, చుట్లు లెక్కపెట్టే హాల్ సెన్సరు ఉన్న రకం తెచ్చుకున్నాడు. ముందువి వెనక్కి తీసుకోవటానికి దుకాణంవాళ్ళు మూడు వందలు కోసుకున్నారు. ఇప్పుడు రెండిటి లెక్కా ఆర్డుయినో చూస్తుంది, ముందుపోయిన దాన్ని కాసేపు ఆపుతుంది. ఆర్డుయినో అంటే 2005లో ఇటలీలోని ఇవ్రియా ఊళ్ళో విద్యార్థుల కోసం పుట్టిన చిన్న బోర్డు. మనం రాసిచ్చిన ఆజ్ఞలు ఒకదాని తరవాత ఒకటి పాటిస్తుంది. రాసివ్వనిది మాత్రం చచ్చినా చెయ్యదు.

బొత్తాలు వద్దు, తాకితే లేవాలి, అదీ మావాడి సరదా. సన్‌మైకా కింద గాడి తీసి రెండు రాగిరేకులు అతికించాడు. పాత రేడియో ఏరియలు దగ్గర చెయ్యి పెడితే గరగరలాడటం మీలో పెద్దవాళ్ళకి గుర్తుందా? మన ఒంట్లో ఉప్పూ నీరూ ఉన్నాయి కనుక మనం దగ్గరికెళ్ళినా చాలు, ఆ తీగకి తెలుస్తుంది. ఈ రేకు కూడా అంతే. వేలు దగ్గరికి రాగానే అది పట్టే విద్యుత్తు రవ్వంత పెరుగుతుంది. పక్కనున్న టచ్ చిప్పు ఆ రవ్వంతని కనిపెట్టి ఆర్డుయినోకి కబురు చెబుతుంది. ఒకసారి తాకి వదిలేస్తే చాలు, బల్ల తానే పోయి సరైన ఎత్తులో ఆగేట్టు రాశాడు. మా ఆడపడుచు సంబరం చెప్పలేను. చుట్టుపక్కలవాళ్ళందరూ వచ్చి తాకి చూసి వెళ్ళారు.

మూడో వారంలో ఓ పొద్దున బల్ల నిలువెత్తున ఉంది, ఆమె స్నానానికి వెళ్ళింది. నేను అలవాటుగా తడిగుడ్డతో బల్ల తుడిచి, కుక్కరు కూత వేస్తే వంటింట్లోకి పోయాను. వెనకనుంచి ఫెళ్ళుమని శబ్దం. వచ్చి చూద్దును కదా, బల్ల దిగుతోంది! దాని కింద ప్లాస్టిక్ కుర్చీ వీపు విరిగి వంగిపోతోంది, బల్ల ఇంకా దిగుతూనే ఉంది. మెల్లిగానే వస్తుంది కానీ, రెండు వందల కిలోల బలంతో వస్తుంది. ఆపుదామంటే ప్లగ్గు బల్ల వెనక గోడకి. అది లాగేసరికి నా చేతులు వణికిపోయాయి. పక్కింటి మూడేళ్ళ పిల్లవాడు రోజూ ఆ బల్ల కిందే కూచుని లక్కపిడతలతో ఆడుకుంటాడు. ఆ రోజు వాళ్ళమ్మ వాణ్ణి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది.

సాయంత్రం మావాడు అన్నీ పరీక్షించి, "తప్పు తడిగుడ్డదమ్మా. రేకుకి తడిగుడ్డా వేలూ ఒకటే. తుడిచేముందు స్విచ్చి తీసెయ్యి" అన్నాడు. "తడిగుడ్డ పడని బల్ల ఏ ఇంట్లో ఉంటుందిరా?" అన్నాను. అది సరిచేసేదాకా ప్లగ్గు పెట్టడానికి వీల్లేదన్నాను. నెలాఖరు, లెక్కల గడువు. మా ఆడపడుచు నావంక చూసింది, బల్లవంక చూసింది, ఏమీ అనలేదు. నాలుగు రోజులు వంటింటి గట్టు మీద నిలబడి పని చేసుకుంది. ఆ నాలుగు రోజులూ ఇంట్లో ఎవరూ నాతో సరిగ్గా మాట్లాడలేదు.

మావాడు చేసిన మార్పులు చెబుతాను. మీ ఇంటి పిల్లలకి పనికొస్తాయి. వేలు పెట్టినంతసేపే బల్ల కదులుతుంది, తీస్తే ఆగుతుంది. రెండు రేకులూ ఒకేసారి పలికితే అది తడిగా లెక్కవేసి కదలదు. దారిలో ఏదైనా అడ్డుపడితే మోటారు ఎక్కువ కరెంటు లాగుతుంది కదా, అది కనిపెట్టి ఆగి రెండంగుళాలు వెనక్కి పోతుంది. దీన్ని అట్టపెట్టెతో పరీక్షించాం. మొదటిసారి పెట్టె నలిగిపోయింది, మూడోసారికి సొట్ట కూడా పడలేదు. అయినా దీన్నొక్కదాన్నీ నేను నమ్మను. పసివాడి వేలు అట్టపెట్టె కంటే మెత్తన. ఇంకొకటి, కరెంటు పోయి వచ్చినప్పుడు ఆర్డుయినో కళ్ళు నులుముకుని లేచేలోపు దాని కాళ్ళు ఏమి పలుకుతాయో చెప్పలేమట. అంచేత మోటారుకి ఆజ్ఞలు మోసే తీగలకి చిన్న రెసిస్టర్లు వేసి, ఆ క్షణంలో కదలకుండా కట్టేశాడు.

నేను పట్టుబట్టినవి మూడు. చేతికందేచోట ఎర్ర బొత్తాం ఒకటి. అది ఆర్డుయినోని అడగకుండా నేరుగా మోటారు కరెంటే తెంచాలి. ఇంటి కరెంటు వచ్చే పెట్టెకి మూత, ఇనుప చట్రానికి ఎర్తు, ఇవి మాత్రం ఎలక్ట్రీషియను చేత వేయించాం. మూడోది బల్ల కింద ఓ మామూలు నొక్కుడు బొత్తాం. ఎడంచేత్తో దాన్ని నొక్కిపట్టి, కుడిచేత్తో పైన తాకితేనే బల్ల కదలాలి. అప్పుడు రెండు చేతులూ ఎక్కడున్నాయో మనకి తెలుస్తుంది.

"మరి టచ్ ఎందుకమ్మా? రెండో బొత్తాం పెడితే సరిపోయేదిగా" అన్నాడు మావాడు, ముఖం ముడుచుకుని. నిజమే, సరిపోయేది. తాకితే లేవటం చూసేవాళ్ళ ముచ్చటకి, బొత్తాం మన నిద్రకి. వాడి ముచ్చట ఎందుకు తీసెయ్యాలని రెండూ ఉంచాం.

ఖర్చంటారా? చట్రం, వెల్డింగు, పలక, మోటార్లు, విరిగిన కుర్చీ కలిపి పదిహేను వేలు దాటింది. సగం కాదు, ముప్పాతిక. మా ఆడపడుచు తన లెక్కల పుస్తకంలో అది నెలనెలా వాడికి తీరుస్తున్నట్టు రాసుకుంది.

అయిదోనాడు సాయంత్రం అందరం బల్ల చుట్టూ నిలబడ్డాం. పక్కింటి పిల్లవాణ్ణి వాళ్ళమ్మ ఎత్తుకుని గడపలో నుంచుంది. మా ఆడపడుచు, "వదినా, ఆ తడిగుడ్డ ఓసారి వెయ్యి, చూద్దాం" అంది. బాగా తడిపి, పిండకుండానే తెచ్చి రేకుల మీద పరిచాను. కదల్లేదు. ఒక్కదానిమీదే మడిచి పెట్టాను. కదల్లేదు. అప్పుడామె గుడ్డ తీసి, పొడిగా తుడిచి, రెండు చేతులూ పెట్టి బల్లని లేపుకుంది. నిలబడి నెలాఖరు లెక్కలు మొదలుపెట్టింది.