పట్టికకు ఎక్కని పేర్లు
(కాజీపల్లి సభలో చేసిన ఉపన్యాస పాఠము)



మెదకు సీమ ఓటరు ఏ పక్షమువాడు? ప్రతి ఎన్నికకును ముందు పఠనమందిరములలో ఈ ప్రశ్న వినవచ్చుచుండును. ఎవరికి తోచిన జవాబు వారు చెప్పుదురు. చరిత్రను తిరుగవేసి చూచినచో ఈ ఓటరు ఎవ్వరి సొత్తును కాడని తేలుచున్నది.

ఈ సీమకు రాజకీయ చైతన్యము నిన్నటి మొన్నటిది కాదు. ప్రథమాంధ్ర మహాసభ 1930లో జోగిపేటయందే సురవరం ప్రతాపరెడ్డిగారి అధ్యక్షతన జరిగెను. 1952లో తొలి సార్వత్రిక ఎన్నిక వచ్చినప్పుడు మెదకు లోకసభ స్థానమును డాక్టరు జయసూర్యగారు కాంగ్రెసుకు ఎదురునిలిచిన ప్రజాతంత్ర సంఘటన పక్షమున గెలుచుకొనిరి. పిమ్మట కాంగ్రెసుకు ఓట్లు పడినవి. 1971లో తెలంగాణ ప్రజాసమితి గెలిచినది. 1980లో ఇందిరాగాంధీగారికి రెండులక్షలకు మించిన ఆధిక్యమును ఇచ్చి పంపినదియు ఈ సీమయే. ఆమె హత్యానంతరము 1984 డిసెంబరులో దేశమున సానుభూతి వెల్లువ కాంగ్రెసును ముంచెత్తగా, ఆమె ప్రాతినిధ్యము వహించిన ఈ స్థానమున మాత్రము తెలుగుదేశము గెలిచెను. 1999లో ఆలె నరేంద్రగారిని భారతీయ జనతాపక్షమువానిగా ఎన్నుకొన్న ఓటరులే 2004లో ఆయనను తెలంగాణ రాష్ట్రసమితి జెండాక్రింద మరల ఎన్నుకొనిరి.

మొన్నటి మాట చూతము. 2023 నవంబరులో ఈ లోకసభ స్థానమునకు లోబడిన ఏడు శాసనసభ స్థానములలో ఆరింటిని, మన పటాన్‌చెరుతోసహా, భారత రాష్ట్రసమితి గెలిచినది. ఆరుమాసములు నిండకమునుపే, 2024 మే మాసమున, అదే సమితి మూడవ స్థానమునకు దిగెను. భారతీయ జనతాపక్షపు రఘునందనరావుగారు సుమారు 39 వేల ఆధిక్యముతో గెలిచిరి. రాష్ట్రమునకొక కొలత, కేంద్రమునకొక కొలత పెట్టి ఓటరు తూచుచున్నాడు. దీనిని చాపల్యమని నిందించువారితో మేము ఏకీభవింపజాలము. ఇది స్వతంత్రుని లక్షణము.

అయితే ఇన్నిసార్లు జెండాలు మారినను మన చెరువునీరు ఏల బాగుపడలేదు? కర్మాగారముల వ్యర్థజలము నక్కవాగులో కలియుచున్నదని 1990లోనే సర్వోన్నత న్యాయస్థానమున వ్యాజ్యము దాఖలైనది. మేము న్యాయవాదులము, న్యాయస్థానమునందు మాకు గౌరవము మెండు. కాని ఓటరు అడుగని ప్రశ్నకు న్యాయస్థానము ఒక్కటే జవాబు తేలేదని మా వృత్తియే మాకు నేర్పినది.

అడుగవలసినవారిలో అనేకులు ఇక్కడి పట్టికలో లేరు. అదియే మేము ఈదినము చెప్పవచ్చిన మాట. 2025 జూన్ 30న పాశమైలారమున మందుల కర్మాగారము ప్రేలినప్పుడు నలువదిమందికి పైగా ప్రాణములు కోల్పోయిరి. మృతులలో బీహారు, ఉత్తరప్రదేశము, ఒడిశాలనుండి పొట్టచేతబట్టుకొని వచ్చినవారు పెక్కురు. నాయకులు వచ్చిరి, పరిహారములు ప్రకటించిరి. కాని ఓటులేనివాని గుడిసె ముందు ఎన్నికలవేళ ఏ అభ్యర్థి నిలిచి, "నీ కర్మాగారమున రక్షణ ఏమున్నది?" అని అడుగును? ప్రమాదము ఇక్కడ, ఓటు వేయిమైళ్ల దూరమున!

ఇప్పుడు ఆ దూరపు ఓటును నిలుచునన్న నమ్మకము లేదు. 2025లో బీహారులో జరిగిన ప్రత్యేక సవరణమున, శాశ్వతముగా వలసపోయిరను కారణముమీద లక్షలాది పేర్లు తొలగింపబడినవి. అక్కడ తొలగి, ఇక్కడ ఎక్కని పౌరుడు ఏ ఊరివాడు?

చట్టము ఏమనుచున్నది? 1950 ప్రజాప్రాతినిధ్య చట్టము 19వ విభాగము ప్రకారము పదునెనిమిదేండ్లు నిండి, ఒక నియోజకవర్గమున సాధారణముగా నివసించు పౌరుడు అక్కడి పట్టికలో చేరుటకు అర్హుడు. స్వంత ఇల్లు ఉన్నంతమాత్రమున అక్కడ నివాసమున్నట్లు కాదని 20వ విభాగము చెప్పుచున్నది. అనగా పట్టాకాగితముకన్న పొయ్యి రగిలెడి చోటు ముఖ్యము. రెండు నియోజకవర్గములలో పేరుండుటను మాత్రము 17వ విభాగము నిషేధించుచున్నది. కనుక ఏ ఊరిని కోరుకొనునో కార్మికుడే నిర్ణయించుకొనవలెను. స్వగ్రామముననే ఉండగోరువానిని మనము బలవంతపెట్టరాదు.

"వచ్చినవారికి ఓటిచ్చినచో మన ఊరు మనది కాకుండపోవును, గుత్తేదారులు వారి ఓట్లను మూటగట్టి అమ్ముదురు" అని కొందరు మాతో అనిరి. ఈ భయమును మేము హేళనచేయము. స్వరాష్ట్రోద్యమమున స్వచ్ఛందసేవకులమై తిరిగినవారము. మన ఊరు మనకు దక్కవలెనన్న తపన ఎట్టిదో ఎరుగుదుము. కాని ఆలోచింపుడు. అమ్ముడుపోవు ఓటు స్థానికులలో లేదా? భయపడి బ్రదుకువాడే గుత్తేదారునకు లొంగును. ఊరు తనదనుకొన్నవాడు లొంగడు. పైగా మన చెరువు నీళ్లు స్థానికుడెవడో పరదేశి ఎవడో చూచి విషమగుట లేదు.

చేయవలసినది స్వల్పము. క్రొత్తగా చేరువారికి 6వ నమూనా దరఖాస్తు, నివాసము మారినవారికి 8వ నమూనా దరఖాస్తు గలవు. ఆదివారములందు నలుగురేసి యువకులు కార్మికుల గదులకు పోయి ఈ దరఖాస్తులు నింపించుడు. గదుల యజమానులు అద్దెకు ఇచ్చినట్లు కాగితము వ్రాసి ఇండు. శాసనసభ, లోకసభల పోలింగు దినమున వేతనముతో కూడిన సెలవు కార్మికుని హక్కని 1951 చట్టము 135-బి విభాగము చెప్పుచున్నది. ఈ సంగతి అతనికి అతని భాషలోనే తెలుపుడు.

వారు ఏ పక్షమునకు ఓటు వేయుదురో మాకు అక్కరలేదు. ఏడు దశాబ్దములుగా ఈ సీమ ఓటరు ఎవరికిని కట్టుబానిస కాలేదు. క్రొత్తగా చేరువాడును కానక్కరలేదు. మనతోబాటు ఈ గాలి పీల్చువాడు మనతోబాటు వరుసలో నిలుచునుగాక!