పాత నకలు ఎక్కించే ముందు



ఇంటి ఖర్చులు, చీటీల లెక్కలు ఇప్పుడు మనలో చాలామందిమి కంప్యూటరులోనే రాసుకుంటున్నాం. "బ్యాకప్ తీసి పెట్టుకున్నావుగా, ఇంక భయమేమిటి?" అంటారు ఇంట్లో మగవాళ్లు. నకలు ఉండటం వేరు, దాన్ని తిరిగి ఎక్కించటం వేరు. ఈ తేడా కిందటేడుగాని నాకు తెలిసిరాలేదు.

మా వీధి ఆడవాళ్ల పొదుపు సంఘానికి లెక్కలు రాసేది నేనే. ప్రతి ఆదివారం రాత్రి నకలు తీసేదాన్ని. ఒక గురువారం కరెంటు పోయి వచ్చాక చూస్తే సగం పేర్లు కనబడలేదు! కంగారుపడి మా తమ్ముడి కొడుకుని పిలిచాను. "అదెంతసేపు అత్తా" అంటూ వాడు ఆదివారం నాటి నకలు ఎక్కించేశాడు. పేర్లన్నీ వచ్చేశాయి. ఇద్దరం తీరిగ్గా కాఫీ తాగాం.

సోమవారం నించి కట్టినవాళ్ల పద్దులు మటుకు తుడిచిపెట్టుకు పోయాయని మాకు తట్టనే లేదు. నకలు ఎక్కించటమంటే చిరిగిన పుస్తకానికి అతుకు వేయటం కాదండీ. ఈ పుస్తకాన్ని తీసేసి, దాని చోట ఆదివారం నాటి పుస్తకాన్ని పెట్టటం.

తరవాతి సమావేశంలో ఎదురింటి పిన్నిగారి పేరు బాకీదారుల్లో చదివాను. "మంగళవారం నీ చేతికే ఇచ్చాను కదమ్మా" అన్నారావిడ. నలుగురూ ఆవిడ వంక అదోలా చూశారు. ఇంటికొచ్చి రసీదు పుస్తకం తీస్తే, కార్బను ప్రతిలో ఆవిడ సంతకంతో సహా ఉంది. అలాంటివి మొత్తం పదకొండు! ఆ రాత్రే వెళ్లి క్షమాపణ చెప్పుకున్నాను.

ఇది మనబోటి వాళ్లకే జరుగుతుందనుకోకండి. ప్రోగ్రాములు రాసేవాళ్లు తమ పనిని దాచుకునే గిట్‌ల్యాబ్ అనే సంస్థలో, 2017 జనవరి 31న ఒక ఇంజనీరు పొరపాటున అసలు డేటాబేస్‌నే చెరిపేశాడు. నకళ్ల కోసం చూస్తే, రోజూ తయారవుతున్నాయనుకున్నవి తయారే కావటం లేదు! ఆ సంగతి చెప్పే హెచ్చరిక ఉత్తరాలూ ఎవరికీ అందలేదు. అదృష్టం కొద్దీ ఆరు గంటల ముందు వేరే పనికోసం తీసిన నకలు ఒకటి దొరికింది. దాన్నే ఎక్కించారు. ఆ ఆరు గంటల్లో చేరిన వివరాలు మటుకు పోయాయి. సుమారు 700 మంది కొత్త సభ్యుల ఖాతాలు అందులో ఉన్నాయి.

అందుకని ఇప్పుడు నేను, పాడైనదైనా సరే, ఉన్నదాన్ని ఉన్నట్టుగా ముందు ఇంకో చోట దాచుకుంటాను. నకలు మీద తేదీ చూస్తాను. దాన్ని వేరే కంప్యూటరులో తెరిచి, పేర్లు, మొత్తాలు సరిపోయాయో లేదో చూసుకుంటాను. ఆ తేదీ తరవాతి రసీదులు పక్కన పెట్టుకున్నాకగాని అసలు దాని జోలికి పోను. మా అబ్బాయి దీన్ని చాదస్తమంటాడు. అననివ్వండి.

పిన్నిగారు మటుకు ఇప్పటికీ రసీదు మీద తేదీ రెండుసార్లు చదువుకుంటేగాని కొంగున ముడివేసుకోరు.