పందిరి ద్రాక్ష, షాంపేను ద్రాక్ష

హైదరాబాదుకు తూర్పున ఉప్పల్, నాచారం పరిసరాలలో ఒకప్పుడు రాతి కడీలపై పందిళ్లు వేసి ‘అనాబెషాహీ’ ద్రాక్షను పండించేవారు. మన వేడిలో ఆ తీగకు నిద్ర లేదు. అందుచేత రైతు ఏటా రెండుమార్లు దానిని కత్తిరించేవాడు: వేసవిలో కొమ్మల కొరకు, అక్టోబరులో కాపు కొరకు.

ఫ్రాన్సు దేశపు షాంపేన్ సీమలో తీగను శీతకాలమే నిద్రపుచ్చుతుంది. అక్కడిది సుద్దనేల. చలివలన పండులో పులుపు నిలుస్తుంది. ఆ పులుపే షాంపేను మద్యానికి ప్రాణం. గుత్తులను చేతితోనే కోస్తారు. 4000 కిలోల పండ్లనుండి 2550 లీటర్లకు మించి రసం తీయరాదు. ఒకమారు పులిసిన రసాన్ని కొంచెం చక్కెర, ఈస్టు చేర్చి సీసాలలో బిగిస్తారు. అది లోపల మరల పులుస్తుంది. పుట్టిన వాయువు వెలికి పోలేక రసంలోనే ఇమిడిపోతుంది. పిదప సీసాలను క్రమంగా తలక్రిందులు చేసి, మూతివద్ద చేరిన మడ్డిని గడ్డకట్టించి తొలగిస్తారు. సీసాలో 15 నెలలైనా గడవనిదే అమ్మరాదు.

ఈ విద్యను ఎవరైనా నేర్వవచ్చును. కాని 1927లో ఫ్రెంచి చట్టమొకటి ఆ పేరు పెట్టుకొనదగిన నేలకు ఎల్లలు నిర్ణయించింది. పేరుకు విలువ ఉన్నన్నాళ్లు నేలకూ విలువ ఉంటుంది గదా! 2015లో యునెస్కో ఆ కొండవాలులను ప్రపంచ వారసత్వంగా గుర్తించింది.

మన అనాబెషాహీ తినుటకే గాని మద్యానికి పుట్టిన పండు కాదు. దాని నేలకు అటువంటి కంచె లేకపోయింది. నగరం పెరిగి, తోటలున్నచోట ఇండ్లు, కర్మాగారాలు వెలిసినవి. ఇండ్లూ కావలసినవే. అయినా ఆ వీధులలో నివసించే శ్రోతలకు పెరటిలో పాత రాతి కడీ ఏదైనా కనిపిస్తే, అది ద్రాక్ష పందిరిని మోసినదేమో పెద్దలనడిగి పిల్లలకు చెప్పవలెను.