కొత్త పిల్లలు, పాత కోళ్ళు



వనరాజా, గ్రామప్రియ పిల్లలను తెచ్చిన నాడే పెరట్లోని నాటుకోళ్ళ మధ్య వదిలేస్తున్నారా? ఆగండి. పొదిగిన తల్లి వెంట ఉంటే పిల్లల జోలికి వచ్చిన కోడిని అది తరిమికొడుతుంది. వీటికి ఆ తల్లి లేదు. పాత పెట్టలు నెత్తిన పొడుస్తాయి. రక్తం కనబడిందా, మిగతావన్నీ అక్కడే పొడిచి చంపుతాయి.

కనుక ఆరు వారాలు వేరే కొట్టంలో, వెచ్చగా పెంచండి. మొదటి వారంలోనే కొక్కెర తెగులు టీకా చుక్కలు వేయించండి. గుడ్ల కోళ్ళ దాణా మాత్రం పెట్టకండి. అందులో సున్నం ఎక్కువ, పిల్లల మూత్రపిండాలు చెడతాయి.

తరువాత వారం పదిరోజులు పెరట్లోనే వల అడ్డం కట్టి ఉంచాలి. ఒకదానికొకటి కనబడాలి, పొడవడానికి అందరాదు. గంప కింద మూస్తే చాలదా అంటారేమో! పూటకైతే సరే, ఎదిగే పిల్లలకు ఇరుకు.

ఆపైన ఒక రాత్రి, కోళ్ళు గూట్లో సర్దుకున్నాక, పిల్లలన్నిటినీ ఒకేసారి చేర్చండి. ఒంటరిగా ఒక్కదాన్ని వదిలితే దాని పని అయిపోయినట్టే. తెల్లవారేసరికి మీరు అక్కడ ఉండాలి. మేత, నీళ్ళు రెండు మూడు చోట్ల పెట్టండి. నాలుగు రోజులు చిన్న చిన్న పోట్లు మామూలే. గాయపడ్డదాన్ని మాత్రం వెంటనే విడదీసి, మానాకే మళ్ళీ కలపండి.