పాత స్లైడ్లల్ల మన పేర్లు
(సమాఖ్య వార్షిక మహాసభలో చేసిన ప్రసంగం)



ఈ ఏడు మన సమాఖ్య చేసిన పనుల్లో ఒకటి పైకి కనిపించదు. పాత ప్రెజెంటేషన్ ఫైళ్లను కొత్త రకంలోకి మార్చుకున్నం. దీనికింత హడావిడి ఎందుకని కొందరక్కలు అడిగిన్రు, అందుకే చెప్తున్న.

బ్యాంకు లింకేజీ కోసం మేనేజర్లకు చూపెట్టడానికి మనోళ్లు ఏండ్ల కిందట స్లైడ్లు చేయించిన్రు. మొదటి సంఘాల సభ్యుల పేర్లు, ఎవరు ఎంత అప్పు తీసుకున్నరు, ఎట్ల కట్టిన్రు, నాంపల్లి ఎగ్జిబిషన్‌ల పెట్టిన పచ్చళ్ల స్టాల్ ఫోటోలు, అన్నీ వాటిల్లనే ఉన్నయి. ఇప్పుడు మన మధ్య లేని ఇద్దరక్కల ఫోటోలు కూడా. పాత రిజిస్టర్లు కొన్ని వానకు తడిసి పోయినయి. ఆ లెక్కలకు ఈ ఫైళ్లే ఆధారం.

అవి పీపీటీ ఫైళ్లు, పవర్‌పాయింట్ 97 నుంచి 2003 దాకా వాడిన రకం. 2007 నుంచి పీపీటీఎక్స్ వచ్చింది. మార్చుడు ఐదు నిమిషాల పని. పాత ఫైల్ తెరిచి, 'సేవ్ యాజ్' నొక్కి, కొత్త రకం ఎంచుకోవాలె. పవర్‌పాయింట్ లేనోళ్లకు లిబ్రే ఆఫీస్ ఉచితం, దాంట్ల కూడా అయితది. పేరు చివర ఒక ఎక్స్ చేర్చి రాస్తే మాత్రం ఏం మారదు.

అసలు కష్టం ఆ తర్వాత మొదలైంది. ఫోటోలు, అంకెలు బాగనే ఉన్నయి, తెలుగంతా పిచ్చి గుర్తులే. అప్పట్ల డీటీపీ సెంటర్లల్ల అను ఫాంట్లతోని కొట్టేటోళ్లు. ఆ ఫాంట్ల తెలుగు అక్షరం పైకి కనిపించే బొమ్మనే, లోపల ఉండేది ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు. ఫాంట్ లేని కంప్యూటర్‌ల అవే బయటపడ్తయి. డబ్బా మార్చినం గానీ లోపలి సరుకు అదే. యూనికోడ్‌ల అట్ల కాదు, ప్రతి తెలుగు అక్షరానికి సొంత నంబరుంటది. మన ఫోన్లల్ల వాట్సాప్‌ల చదివే తెలుగు అదే. కాబట్టి ఫైల్ మార్చినంక అక్షరాలను వేరేగ మార్చాలె.

ఒక షాపాయన, "స్లైడ్లను ఫోటోలు తీసి పెడ్త, తొందరగ అయితది" అన్నడు. చూపెట్టడానికైతే సరిపోతది. కానీ ఫోటోల పేరు దిద్దలేం, వెతకలేం. వద్దన్నం. అక్షరాలను యూనికోడ్‌లోకి మార్పించి, ఇద్దరక్కలు పాత ప్రింట్లు పక్కన పెట్టుకొని పేరు పేరునా చదివిన్రు. ఒత్తులు చాలాచోట్ల తారుమారైనయి. పాస్‌బుక్‌ల ఒక తీరు, మన లెక్కల ఇంకో తీరు పేరుంటే ఎన్నిసార్లు తిరగాలెనో మీకు తెలుసు గదా.

వీడియో ఇంకో తిప్పలు. పాత పీపీటీల వీడియో లోపల ఉండదు, అది ఏ ఫోల్డర్‌ల ఉన్నదో ఆ చిరునామా మాత్రమే ఉంటది. మన స్టాల్ వీడియో ఒక అక్క ఇంట్ల పాత సీడీల దొరికింది, దాన్ని కొత్త ఫైల్‌లోనే కలిపినం.

ఊరూ పేరూ తెల్వని వెబ్‌సైట్లకు మాత్రం ఫైళ్లు పంపలేదు. మీ ఖాతా నంబర్లు వాటిల్ల ఉన్నయి. షాపుల చేసిన రోజు కూడా పక్కనే కూసొని, పని అయినంక ఆ కంప్యూటర్ల నుంచి, రీసైకిల్ బిన్ నుంచి తీసేయించినం.

పాత పీపీటీలు పారేయలేదు. కొత్తవి, పాతవి కలిపి ఒక పెన్‌డ్రైవ్ ఆఫీసు బీరువాల, ఇంకొకటి కోశాధికారి అక్క దగ్గర ఉన్నయి. ఏడు స్లైడ్లల్ల ఫోటోల కింద పేర్లు ఇంకా తేలలేదు. భోజనాలయినంక గోడ మీద వేస్తం. పాత సభ్యులు ముందు వరుసల కూసోండి, ఎవరెవరో గుర్తుపట్టి రాయించిపోండి.