మూసయా, మాతృకయా?

కంప్యూటరు భాషలలో సమాచారమును, దానితో జరుగు పనులను ఒకటిగా కట్టి ‘వస్తువు’ అందుము. ఈ వస్తువులు ఎట్లు పుట్టవలెనను వాదము నేటికిని తెగలేదు.

1967లో నార్వేదేశీయులగు డాల్, నైగార్డ్ పండితులు సిమ్యులా భాషలో ‘క్లాసు’ను ప్రవేశపెట్టిరి. ఇది ఇటుకల మూస వంటిది: ముందు మూస, పిదప ఇటుక.

1987లో అంగర్, స్మిత్ పండితులు సెల్ఫ్ భాషను వివరించుచు, మూసయే వలదనిరి. కంసాలికి నగ చూపి, “ఇటువంటిదే, కెంపు బదులు పచ్చ పొదుగుము” అన్నట్లు, ఉన్న వస్తువునుండియే క్రొత్తది పుట్టును. తనలో లేని గుణమునకై అది మాతృక నాశ్రయించును.

ఈ స్వేచ్ఛ గొప్పదే. కాని మాతృక నొకరు మార్చినచో, దాని నాశ్రయించిన వస్తువులన్నిటి నడవడియు మారును. మార్పు ఎచట జరిగెనో చదువరికి వెదకుట కష్టము. 1995లో వెలువడిన జావాస్క్రిప్టు మాతృకలనే గైకొనెను. 2015లో దానికి ‘క్లాసు’ అను వ్రాతయు చేర్చిరి. లోపలి ఏర్పాటు మాత్రము మాతృకదే.

కావున ఒకే తీరు వస్తువులను పలువురు కూడి నిర్మించునపుడు మూసయు, ఒక్కొక్కటి ఒక్కొక్క తీరుగా నుండవలసినపుడు మాతృకయు మేలని మేము తలంతుము. వ్రాసినవాని భావము మరునాడు మరొకరికి బోధపడిననే భాషకు శక్తి కలదందుము.