సమాచారము నడచు దారులు

శ్రోతలలో కొల్లేటిని చూచినవారికి నేను చెప్పబోవు విషయము సగము తెలిసినట్లే. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, ఇంకను పెక్కు కాలువలు వచ్చి కొల్లేటిలో కలియుచున్నవి. సముద్రమునకు పోవుటకు మాత్రము ఉప్పుటేరు ఒక్కటే దారి. అది పూడినచో ఎక్కడెక్కడి పొలములో మునుగును. ఏళ్ల పేర్లు వరుసగా వ్రాసికొన్నంత మాత్రమున ఈ సంగతి బోధపడదు. ఏది దేనితో కలియుచున్నదో గీసి చూడవలెను.

కార్యాలయములలో సమాచార రక్షణను బోధించునపుడును ఇదే చిక్కు. కంప్యూటర్లెన్ని, వాటి వెల యెంత అని పట్టిక వేయించుట పరిపాటి. దానికంటె బొమ్మ గీయించుట మేలు. తాడేపల్లిగూడెములో 2015లో నెలకొన్న జాతీయ సాంకేతిక విద్యాసంస్థ వంటి చోట్ల చదువువారికే కాదు, ఏలూరులో చిట్టా వ్రాయు గుమాస్తాకును ఈ పాఠము అందునని నా నమ్మకము.

చేపలు ఎగుమతి చేయు ఒక కార్యాలయమును ఊహింపుడు. మనిషికొక చుక్క, ఎవరు ఎవరికి లెక్కలు పంపుదురో అక్కడొక గీత. యజమాని చుక్కకు గీతలు రెండే. బ్యాంకు, చెరువుల రైతులు, ఐసు ఫ్యాక్టరీ, లారీలవారు—అందరి దారులును గుమాస్తా మీదుగానే పోవుచున్నవి. అతని పాస్‌వర్డు దొంగచేత పడిననాడు రైతుల సొమ్మునకే ముప్పు. ఇట్టి నడిమి స్థానమును కొలుచు లెక్కను లింటన్ ఫ్రీమన్ 1977లో ప్రకటించెను: తక్కిన చుక్కల నడుమ దగ్గరి దారులలో ఎన్ని ఈ చుక్క మీదుగా పోవుచున్నవని.

2017 మే నెలలో వాన్నాక్రై అను వైరసు, ఎవరును మీట నొక్కకుండగనే, యంత్రమునుండి యంత్రమునకు ప్రాకెను. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని దాని వాత బడినవి. ఆ లోపమునకు సవరణను మైక్రోసాఫ్టు మార్చిలోనే విడుదల చేసియుండెను. సవరణ పొందని యంత్రమునకు మరి ఏవేవి అంటియున్నవో పట్టిక చెప్పదు.

అయితే, సిబ్బంది హోదాల పటము చూచి ఈ బొమ్మ గీయరాదు. సెలవు పెట్టుచు పాస్‌వర్డును చీటీ మీద వ్రాసి ప్రక్కవానికిచ్చుట అందులో కనబడదు. దానిని నోట చెప్పించుటే అసలు కష్టము. చెప్పినవానిని దండించితిరా, మరునాడు ఎవరును నోరు విప్పరు. కావున శిక్ష లేదని యజమాని చేతనే ముందుగా పలికింపవలెను. తరువాత పెద్ద చెల్లింపులకు రెండవవాని ఆమోదము పెట్టవచ్చును. బ్యాంకు పనికి వేరొక యంత్రము కేటాయింపవచ్చును. కొలువు విడిచినవాని గీతను చెరిపివేయవచ్చును.

ఇంకొకటి. పూర్తియైన బొమ్మను గోడకు తగిలింపకుడు, బీరువాలో పెట్టి తాళము వేయుడు. దొంగకు అంతకంటె మంచి పటము దొరకదు.